కడుపు తనను తాను ఎందుకు అరిగించుకోదు? అల్సర్ వెనక రెండొందల ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఆదివారం బోటీ కూర తిన్నారనుకోండి. బోటీ అంటే ఏంటి? మేక పొట్ట, పేగులు. కొన్ని గంటల్లో మన కడుపు దాన్ని మెత్తటి ముద్ద చేసి కిందికి పంపించేస్తుంది. మరి మేక పొట్టను అరిగించగలిగిన మన పొట్ట, దాదాపు అలాంటి కండతోనే తయారైన మన పొట్ట, తనను తాను ఎందుకు అరిగించుకోదు?

వినడానికి నవ్వులాటగా ఉంది కదా. కానీ 1772లో లండన్‌లో జాన్ హంటర్ అనే సర్జన్ రాయల్ సొసైటీ ముందు పెట్టిన ప్రశ్న దాదాపు ఇదే. ఆయన శవాలను కోసి చూసేవాడు. కొన్ని శవాల్లో పొట్ట గోడ కరిగి చిల్లు పడి ఉండేది. అంటే మనిషి చచ్చాక పొట్ట తనను తానే తినేస్తోంది. మరి బతికున్నప్పుడు ఎందుకు తినదు? ప్రాణం ఉన్న శరీరంలో ఏదో జీవశక్తి ఉంది, అదే కాపాడుతోంది అన్నాడు హంటర్. ఆ జవాబుతో మనకు పెద్దగా తెలిసిందేమీ లేదు గానీ, ప్రశ్న మాత్రం బ్రహ్మాండమైన ప్రశ్న.

చిక్కేంటంటే, తర్వాత వచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఆ ప్రశ్నను పక్కన పెట్టేశారు. అందరి చూపూ యాసిడ్ మీదకి పోయింది. యాసిడ్ ఎంత ఉంది, ఎలా తగ్గించాలి, ఇదే గోల. యాసిడ్‌ను ఆపుతున్న గోడ సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ. దానివల్ల ఎంతోమంది పొట్టలు కోయించుకున్నారు. ఎంతోమంది "నీకు టెన్షన్ ఎక్కువ, అందుకే అల్సర్" అనే మాట పడ్డారు. ఆ కథే ఇవాళ చెప్పబోయేది.

ముందు అమెరికా వెళ్దాం. 1822 జూన్ 6. మిషిగన్ ప్రాంతంలో మాకినాక్ అనే దీవి. బొచ్చుతోళ్ల వ్యాపారం చేసే కంపెనీ దుకాణంలో ఎవరి తుపాకీయో పొరపాటున పేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలి కుర్రాడి పక్కటెముకల కింద తగిలింది. పక్కనే ఉన్న సైనిక శిబిరం డాక్టర్ విలియం బోమాంట్ వచ్చి చూశాడు. బతకడు అనుకున్నాడు. కుర్రాడు బతికాడు. కానీ గాయం మానేటప్పుడు పొట్ట గోడ, బయటి చర్మం అతుక్కుపోయి ఒక రంధ్రం అలాగే మిగిలిపోయింది. అంటే బయటి నుంచి నేరుగా పొట్టలోకి ఒక కిటికీ అన్నమాట!

1825లో బోమాంట్ ప్రయోగాలు మొదలుపెట్టాడు. పట్టుదారానికి మాంసం ముక్క, రొట్టె ముక్క, క్యాబేజీ కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి దించడం, గంట గంటకీ బయటికి లాగి ఎంత అరిగిందో చూడటం. ఇలాంటివి రెండొందలకు పైగా ప్రయోగాలు చేసి 1833లో పుస్తకం వేశాడు. అరుగుదల అంటే పొట్ట కండరాలు రుబ్బడమే కాదు, అక్కడ ఊరే రసం చేసే రసాయనిక పని కూడా అని దాంతో గట్టిగా తేలింది. ఆ రసంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ యాసిడ్ అని అప్పటికే లండన్‌లో విలియం ప్రౌట్ కనిపెట్టి ఉన్నాడు.

బోమాంట్ ఇంకొకటి కూడా రాశాడు. సెయింట్ మార్టిన్‌కి కోపం వచ్చినప్పుడు, బాగా తాగినప్పుడు లోపలి పొర రంగు మారేదట, ఎర్రటి మచ్చలు కనిపించేవట. కొన్నిసార్లు పొర అంత పాడైనా ఆ మనిషికి నొప్పి ఏమీ తెలిసేది కాదు. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. జనం మాత్రం మొదటి మాటే పట్టుకున్నారు. కోపం వస్తే కడుపు పాడవుతుంది అని!

సెయింట్ మార్టిన్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకెళ్లడం నాకు న్యాయం అనిపించదు. ఆయన్ని బోమాంట్ నౌకరుగా పెట్టుకున్నాడు, కట్టెలు కొట్టించాడు, ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని ప్రయోగాలు చేశాడు. మధ్యలో ఆయన చెప్పకుండా కెనడాలోని సొంతూరికి వెళ్లిపోయాడు కూడా. 1880లో చనిపోయినప్పుడు డాక్టర్లు శవం అడిగితే ఇంటివాళ్లు ఇవ్వలేదు. ఎవరూ తవ్వి తీయకుండా బాగా లోతుగా పాతిపెట్టారు. వాళ్ల కోపం మనకు అర్థమవుతుంది.

సరే, ఇప్పుడు హార్మోన్ల దగ్గరికి వద్దాం. 1902 వరకు శరీరంలో కబుర్లన్నీ నరాల ద్వారానే వెళ్తాయని నమ్మకం. లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు కుక్క పేగుకు వెళ్లే నరాలన్నీ కోసేసి, ఆ పేగులో యాసిడ్ పోశారు. నరం లేకపోయినా క్లోమగ్రంథికి కబురు అందింది, రసం ఊరింది! అంటే రక్తంలో ఏదో రసాయనం కబురు మోసుకెళ్తోంది. ఇలాంటి వాటికి 1905లో స్టార్లింగ్ పెట్టిన పేరే హార్మోన్. అదే ఏడాది జాన్ ఎడ్కిన్స్, పొట్ట కింది భాగం నుంచి కూడా ఒక కబురు వెళ్తుందని, అది యాసిడ్‌ను ఊరిస్తుందని చెప్పి దానికి గ్యాస్ట్రిన్ అని పేరు పెట్టాడు. ఎవరూ నమ్మలేదు పాపం. దాదాపు అరవై ఏళ్లు పట్టింది. 1964లో లివర్‌పూల్‌లో గ్రెగరీ, ట్రేసీ అనేవాళ్లు పంది పొట్టల నుంచి గ్యాస్ట్రిన్‌ను శుద్ధిగా తీసి చూపించారు.

ఈలోపు డాక్టర్లు ఏం చేస్తున్నారు? 1910లో కార్ల్ ష్వార్జ్ ఒక సూత్రం చెప్పాడు: యాసిడ్ లేకపోతే అల్సర్ లేదు. అబద్ధం కాదు, సగం నిజం. సగం నిజాలతోనే ఎక్కువ ప్రమాదం. 1915లో షికాగో డాక్టర్ సిప్పీ పేరు మీద ఒక డైట్ వచ్చింది. గంట గంటకీ పాలు, మీగడ, మధ్యమధ్యలో యాసిడ్‌ను విరిచే పొడులు. మన ఇళ్లలో కూడా "అల్సరా? పాలు తాగు" అనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కదా, అలాంటి ఆలోచనే. పాలు తాగితే కాసేపు హాయిగా ఉంటుంది గానీ, పాలలోని ప్రొటీన్, కాల్షియం మళ్లీ యాసిడ్‌ను ఊరిస్తాయి.

డైట్‌తో తగ్గకపోతే కత్తే. పొట్టలో సగం పైన కోసి తీసేయడం, లేదా యాసిడ్ ఊరించే నరాన్ని తెంచేయడం. ఆపరేషన్ తర్వాత కొంతమందికి అన్నం తినగానే చెమటలు, కళ్లు తిరగడం, విరేచనాలు. జీవితాంతం అంతే.

దీనికి తోడు 1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే ఎలుకలను చలిలో పెట్టి, గాయపరిచి, అలసిపోయేదాకా పరుగెత్తించి చూశాడు. ఏ బాధ పెట్టినా మూడు మార్పులు కనిపించాయి. అందులో ఒకటి పొట్టలో పుండ్లు. అడ్రినల్ గ్రంథులు ఉబ్బిపోవడం ఇంకొకటి. స్ట్రెస్ అనే మాట మన నోళ్లలో ఇంతగా నానడానికి ఈయన కూడా ఒక కారణం. ఒళ్లు బాగా కాలినవాళ్లలో, ఐసీయూలో ఉన్నవాళ్లలో అలాంటి పుండ్లు నిజంగానే వస్తాయి. కానీ జనంలోకి వెళ్లేసరికి అది ఎలా మారిందంటే, ఆఫీసులో టెన్షన్ పడేవాడికి అల్సర్ అని. జబ్బు వచ్చినవాడిదే తప్పు అయిపోయింది!

1976లో జేమ్స్ బ్లాక్ బృందం తయారుచేసిన సిమెటిడిన్ మార్కెట్‌కి వచ్చింది. యాసిడ్ కణాల మీద హిస్టమిన్ అనే రసాయనం తలుపు తడుతుంది. ఆ తలుపుకే గడియ పెట్టేసింది ఈ మందు. చాలామంది ఆపరేషన్ తప్పించుకున్నారు, అది చిన్న విషయం కాదు. 1988లో బ్లాక్‌కి నోబెల్ వచ్చింది. ఆ ఏడాదే ఒమెప్రజోల్ కూడా దిగింది. మన ఇళ్లలో ఓమెజ్ అంటామే, హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ వాళ్ల బ్రాండ్, అందులో ఉన్నది అదే మందు. అంతా బాగుంది గానీ ఒక్కటే లోటు. మందు ఆపితే చాలామందికి అల్సర్ తిరిగొచ్చేది. ఎందుకు తిరిగొస్తోంది? యాసిడ్ ఒక్కటే కారణమైతే, ఒకసారి మానిన పుండు మానినట్టే ఉండాలి కదా?

ఇక్కడ మళ్లీ హంటర్ ప్రశ్న దగ్గరికి రావాలి. గోడ సంగతి ఏంటి?

గోడ ఎలా ఉంటుందో చూడండి. పొట్ట లోపలి కణాల మీద ఒక జిగురు పొర ఉంటుంది. మందం మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ జిగురులోకి కణాలు బైకార్బనేట్‌ను వదులుతుంటాయి. మన వంటసోడాలో ఉండేదే. పైన యాసిడ్ నిమ్మరసం కంటే ఘాటుగా ఉన్నా, జిగురు అడుగున కణం దగ్గర దాదాపు నీళ్లలా ఉంటుంది. కింద రక్తం పారుతూ, లోపలికి జారిన యాసిడ్‌ను కడిగేస్తుంది. పై వరస కణాలు కొద్దిరోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. గోడ కట్టేసి వదిలేసింది కాదు, రోజూ మరమ్మతు జరుగుతూనే ఉంటుంది.

మరి ఈ మరమ్మతు మేస్త్రీ ఎవరు? దీనికి జవాబు ఆస్పిరిన్ నుంచి వచ్చింది. 1930లలో స్వీడన్‌లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ వీర్యంలో ఒక పదార్థాన్ని చూసి, ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుందనుకుని ప్రోస్టాగ్లాండిన్ అని పేరు పెట్టాడు. తర్వాత తెలిసింది, అది ఒంట్లో దాదాపు అన్నిచోట్లా తయారవుతుందని. రక్తంలో దూరం వెళ్లే హార్మోన్ కాదిది. పుట్టినచోటే పనిచేసే లోకల్ హార్మోన్. ఊరంతా తిరిగే పోస్ట్‌మ్యాన్ కాదు, పక్కింటికి గోడ మీంచి చెప్పే కబురు అనుకోండి. 1971లో లండన్‌లో జాన్ వేన్, ఆస్పిరిన్ లాంటి మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపేస్తాయని చూపించాడు. నొప్పి తగ్గేది అందుకే. ఆ మందులకి కడుపులో పుండ్లు పడేదీ అందుకే!

1979లో అమెరికాలో ఆండ్రే రాబర్ట్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఈ మొత్తం కథలో నాకు ఎక్కువ ఇష్టం. ఆయన పనిచేసిన అప్‌జాన్ కంపెనీ ఉన్నది కూడా మిషిగన్‌లోనే. సెయింట్ మార్టిన్‌కి గుండు తగిలిన రాష్ట్రమే! ఎలుకల పొట్టలోకి నీళ్లు కలపని ఆల్కహాల్, గాఢమైన యాసిడ్, క్షారం, చివరికి మరిగే నీళ్లు కూడా పంపాడు. మామూలు ఎలుకల పొట్ట నాశనమైంది. ముందుగా కొంచెం ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చిన ఎలుకల్లో లోతైన పుండ్లు పడలేదు. యాసిడ్‌ను ఏమాత్రం తగ్గించనంత చిన్న మోతాదు ఇచ్చినా అదే ఫలితం. అంటే యాసిడ్‌ను తగ్గించకుండానే పొట్టను కాపాడొచ్చు. జిగురు, బైకార్బనేట్, రక్తం, ఈ పనులన్నిటికీ ప్రోస్టాగ్లాండిన్ మేస్త్రీ. హంటర్ చెప్పిన జీవశక్తికి రెండొందల ఏళ్ల తర్వాత ఒక రసాయనం పేరు దొరికింది.

ఇది మనకు నేరుగా సంబంధించిన విషయం. నడుం నొప్పి, పంటి నొప్పి అనగానే మెడికల్ షాప్‌లో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకుంటాం. ట్యాబ్లెట్ కడుపులో గుచ్చుకోవడం వల్లే మంట అనుకుంటారు చాలామంది, అందుకే ఇంజెక్షన్ అయితే పర్లేదు అంటారు. పర్లేదనుకోడానికి లేదు. మందు రక్తంలోంచి వచ్చినా మేస్త్రీని పనిలోంచి దించేస్తుంది. బోమాంట్ రాసిన రెండో మాట గుర్తుందా? పొర పాడైనా నొప్పి తెలియకపోవచ్చు. నొప్పి తగ్గించే మందే వాడుతున్నప్పుడు ఇంకా తెలియదు. మలం తారులా నల్లగా వస్తే మాత్రం ఆలోచించకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

అయితే, పెయిన్ కిల్లర్స్ అస్సలు వాడనివాళ్లకీ అల్సర్లు వస్తున్నాయి. వాళ్ల గోడను పాడుచేసింది ఎవరు?

1893లోనే ఇటలీలో బిజ్జోజెరో అనే ఆయన కుక్కల పొట్టలో మెలికల బ్యాక్టీరియాను చూశాడు. ఆ తర్వాత ఇంకొందరు మనుషుల్లో కూడా చూశారు. 1954లో అమెరికాలో ఎడ్డీ పామర్ అనే డాక్టర్ 1,180 మంది పొట్ట ముక్కలు పరీక్షించి, ఏమీ లేదని తేల్చేశాడు. ఆయన వాడిన రంగుల్లో ఆ బ్యాక్టీరియా సరిగా కనబడదు. వెండి రంగు పరీక్ష చేసుంటే కనబడేవి. పెద్ద సంఖ్య చూసి అందరూ నమ్మేశారు. యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదు, చాప్టర్ క్లోజ్.

గ్రీస్‌లో మిసోలోంగీ అనే ఊళ్లో యోన్నిస్ లికూడిస్ అనే మామూలు డాక్టర్ ఉండేవాడు. 1958లో తన కడుపు జబ్బుకి తానే యాంటీబయాటిక్స్ వేసుకున్నాడు. తగ్గింది. పేషంట్లకి ఇచ్చాడు. వాళ్లకీ తగ్గింది. వేలమంది ఆయన దగ్గరికి వచ్చారు. పేపర్ రాస్తే అమెరికన్ జర్నల్ తీసుకోలేదు. అక్కడి డాక్టర్ల సంఘం విచారణ జరిపి 4,000 డ్రాక్మాల జరిమానా వేసింది. 1980లో ఆయన చనిపోయాడు. అప్పటికి ఏడాది ముందే ఆస్ట్రేలియాలో ఆయన చెప్పింది నిజమని తేలే పని మొదలైంది, ఆయనకి తెలియదు.

1979 జూన్‌లో పెర్త్ నగరంలోని ఆస్పత్రిలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్ట్ పొట్ట ముక్కలో మెలికల బ్యాక్టీరియాను చూశాడు. ఆయన వెండి రంగు వాడాడు. 1981లో బ్యారీ మార్షల్ అనే కుర్ర డాక్టర్ తోడయ్యాడు. వంద మంది పేషంట్ల నుంచి ముక్కలు తీసి బ్యాక్టీరియాను పెంచాలని చూశారు. ముప్ఫై పైచిలుకు ప్లేట్లలో ఏమీ పెరగలేదు. ల్యాబ్‌లో రెండు రోజులు చూసి పారేయడం అలవాటు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల ఒక ప్లేట్‌ను ఎవరూ తీయలేదు. ఐదు రోజుల తర్వాత చూస్తే పెరిగి ఉన్నాయి! అది నెమ్మదిగా పెరిగే రకం, అంతే. ఆ వందమందిలో చిన్నపేగు మొదట్లో అల్సర్ ఉన్న 13 మందికి 13 మందిలోనూ అది ఉంది.

ఎవరూ నమ్మలేదు. అల్సర్ వచ్చాక ఆ పుండులో క్రిమి చేరిందేమో అన్నారు. జంతువుల మీద ప్రయోగం కుదరలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను కలిపిన ద్రవాన్ని గటగటా తానే తాగేశాడు. కొద్దిరోజులకి వాంతులు, నోరు కంపు. ఎండోస్కోపీ చేస్తే పొర వాచి ఉంది, బ్యాక్టీరియా గుంపులుగా ఉంది. ఆయనకి అల్సర్ రాలేదు, వచ్చింది గ్యాస్ట్రైటిస్. వీడియోల్లో చాలామంది ఇది తప్పు చెప్తారు. కానీ ఆరోగ్యంగా ఉన్న గోడను ఆ క్రిమి పాడుచేయగలదని తేలింది. దానికే తర్వాత హెలికోబాక్టర్ పైలోరీ అని పేరు.

యాసిడ్‌లో ఎలా బతుకుతుంది? యూరియాను విరిచి అమ్మోనియా తయారుచేసుకుని, తన చుట్టూ యాసిడ్‌ను చప్పబరుస్తుంది. తోకలు ఆడిస్తూ జిగురులోకి దూరిపోతుంది. మనల్ని కాపాడే జిగురే దానికి ఇల్లు!

ఇప్పుడు రెండు కథలూ ఒకచోట కలుస్తాయి. పొట్టలో గ్యాస్ట్రిన్‌ను అదుపులో పెట్టే ఇంకో హార్మోన్ ఉంది, సొమాటోస్టాటిన్. గ్యాస్ట్రిన్ యాక్సిలరేటర్ అయితే ఇది బ్రేక్. 1989లో లండన్ డాక్టర్లు లాన్సెట్‌లో ఒక సంగతి రాశారు: ఈ బ్యాక్టీరియా ఉన్న అల్సర్ పేషంట్లలో గ్యాస్ట్రిన్ ఎక్కువగా ఉంటోందని. తర్వాతి పరిశోధనల్లో లెక్క కుదిరింది. పొట్ట కింది భాగంలో వాపు వల్ల సొమాటోస్టాటిన్ తగ్గుతుంది. బ్రేక్ పోతుంది. గ్యాస్ట్రిన్ పెరుగుతుంది, యాసిడ్ పొంగుతుంది, కిందనున్న పేగు పొర పుండవుతుంది. యాంటీబయాటిక్‌తో క్రిమిని తీసేస్తే గ్యాస్ట్రిన్ దిగివస్తుంది. అంటే డెబ్భై, ఎనభై ఏళ్లుగా డాక్టర్లు చూసిన ఎక్కువ యాసిడ్ నిజమే. కానీ చాలామందిలో దాన్ని పెంచుతున్నది ఒక క్రిమి, మన హార్మోన్ల ట్యాప్ తిప్పేసి!

అయినా 1994లో గానీ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల కమిటీ, ఈ క్రిమి ఉన్న అల్సర్‌కి యాంటీబయాటిక్స్ ఇవ్వాలని చెప్పలేదు. మార్షల్ తాగిన పదేళ్లకి. ఆ పదేళ్లలో జీవితాంతం మందులు మింగినవాళ్ల లెక్క ఎవరు తీస్తారు? 2005లో వారెన్, మార్షల్‌లకు నోబెల్ వచ్చింది.

మరి కారం సంగతేంటి అంటారా? గుంటూరు మిరపకాయను ఇంతకాలం బోనులో నిలబెట్టారు కదా. 1988లో అమెరికాలో మిరపకాయల ముద్దను నేరుగా పొట్టలోకి పంపి కెమెరాతో చూశారు, పొర చెడలేదు. 1995లో సింగపూర్‌లో 18 మందికి మిరప్పొడి ఇచ్చి, ఆ తర్వాత ఆస్పిరిన్ ఇచ్చారు. కారం తిన్నప్పుడే గాయాలు తగ్గాయి! చిన్న ప్రయోగాలే, కాబట్టి అల్సర్‌కి ఆవకాయ మందు అని మాత్రం ఫార్వర్డ్ చేయకండి. పుండు ఉన్నవాళ్లకి, గొంతు మంట ఉన్నవాళ్లకి కారం తింటే బాధ పెరగొచ్చు. కానీ పుండు పుట్టించింది కారం అనడానికి ఆధారం లేదు.

ఈ బ్యాక్టీరియా ఉన్న అందరికీ అల్సర్ రాదు, ఎక్కువమందికి ఏమీ కాదు. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామంది పొట్టల్లో ఉంటుంది. అందుకే భయపడి సొంతంగా యాంటీబయాటిక్స్ కొనుక్కోవడం తప్పు. అలా వాడీ వాడీ క్రిమి మొండికేసింది. ఒకప్పుడు బాగా పనిచేసిన క్లారిత్రోమైసిన్ ఇప్పుడు చాలాచోట్ల పనిచేయట్లేదు. దాంతో డాక్టర్లు పాత మందు దగ్గరికి వెనక్కి వచ్చారు. 2024లో అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల గైడ్‌లైన్‌లో మొదటి వరసలో పెట్టిన పద్నాలుగు రోజుల కోర్సులో బిస్మత్, మెట్రోనిడజోల్, యాసిడ్ తగ్గించే మందుతో పాటు టెట్రాసైక్లిన్ ఉంది. ఆ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో మిస్సోరి మట్టి నుంచి దాన్ని తీసినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ ల్యాబ్‌లో పరిశోధనలన్నిటికీ డైరెక్టర్‌గా ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తోడబుట్టిన వాళ్లను స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోగొట్టుకుని మెడిసిన్ వైపు నడిచిన మనిషి. 1948లో ఆ మందును లోకానికి ప్రకటించిన కొద్దిరోజులకే ఆయన కన్నుమూశారు. ఆయన జీవితం గురించి పూర్తిగా ఒక ఎపిసోడ్ చేద్దాం. అప్పటిదాకా ఉంటాను మరి, నమస్తే.